దొర డేరా

మా వదిన నోట్లోంచి మాట వచ్చిందంటే ఇక అంతే. ఆ మాటకి ఆవిడ కట్టుబడుతుంది, ఆవిడతో పాటు మా అన్నయ్య కట్టుబడతాడు, ఏ పాపమూ ఎరగని నేను కూడా కట్టుబడి చావాలి. ఎప్పుడో ఒకసారి టీలో పంచదార ఎక్కువైందని అన్నయ్య సణిగాడు. "అయితే ఈ ఇంట్లో నేనిక టీ ముట్టను" అంది. పంచదార ఎక్కువైతే తను తాగడం మానెయ్యడమేమిటని ఇద్దరం మొత్తుకున్నాం. చెవిన పెడితేగా. ఈ రోజుకీ ఆవిడ ఇంట్లో టీ తాగదు. తాగాలనిపిస్తే చెప్పులేసుకుని రెండు వీధులు నడిచి తన షెడ్డుకి వెళ్ళి, అక్కడ స్టవ్ మీద కాచుకుని తాగి వస్తుంది. వానొస్తే గొడుగేసుకుని మరీ వెళ్తుంది. అలాంటి మనిషి ఒక కుక్క విషయంలో ఎలాంటి మాట అనేసిందో, ఆ మాట ఎలా నెగ్గించుకుందో చెబుతాను. పక్కనుండి చూసింది నేనే, పక్కనుండి తడిసిందీ నేనే.

వదిన పని టార్పాలిన్లు కుట్టడం. లారీ సరుకు మీద కప్పే పట్టాలు, దుకాణాల ముందు దింపుకునే ఎండ పరదాలు, గోదాముల్లో బస్తాల మీద వేసే కప్పులు, ఏవైనా సరే. ఆ పని వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక షెడ్డు అమ్మేద్దామని అన్నదమ్ములంటే, "అమ్ముకోండి, నన్ను కూడా అందులోనే పెట్టి అమ్మండి" అని లోపలికెళ్ళి కూర్చుంది. వాళ్ళే విసుగొచ్చి వదిలేశారు. పొడుగాటి షెడ్డు అది. ముందు వీధిలోకి ఒక షట్టరు, వెనక సందులోకి ఒక షట్టరు. లారీ పట్టా ఆ చివర నుంచి ఈ చివరకి లాగాలంటే రెండూ తెరిచి ఉండాల్సిందే. నేల మధ్యలో ఒక గొయ్యి, అందులో కుట్టుమిషను. మిషను బల్ల సరిగ్గా నేల మట్టానికి ఉంటుంది కాబట్టి ఎంత బరువు గుడ్డయినా నేల మీద జారుకుంటూ సూది కిందికి వచ్చేస్తుంది. వదిన ఆ గొయ్యిలో దిగి కూర్చుంటే తల, భుజాలు మాత్రమే పైకి కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు.

పనిలో ఆవిడకి రెండు పట్టింపులు. కుట్టులోంచి చుక్క నీరు దిగకూడదు. ఒక లారీ ఓనరు తన పట్టా కారుతోందని గొడవకొస్తే, దాన్ని నాలుగు కర్రల మీద కట్టించి, తను కింద కుర్చీ వేసుకుని కూర్చుని, "నీళ్ళు పొయ్యి నాయనా, నీ ఓపిక" అంది. అతను పోసి పోసి చేతులు నొప్పెట్టి, కారింది వేరే పట్టా అయ్యుంటుందని గొణుక్కుంటూ పోయాడు. రెండోది, గాలికి ఆరేయకుండా గుడ్డ మడత పెట్టకూడదు. "మూసి పెడితే గుడ్డ కుళ్ళుతుంది" అని లారీ డ్రైవర్లని నిలబెట్టి తిడుతుంది. నేను వాళ్ళింటి మేడ మీద గదిలో ఉంటాను, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. రోజంతా జనాన్ని సూదులతో పొడిచినా నన్నెవరూ ఏమీ అనరు. ఇంటికొచ్చి తడి తువ్వాలు కుర్చీ మీద పడేస్తే మాత్రం నా తాతలు దిగొస్తారు.

దొర అనేది ఆవిడ కుక్క. గోధుమ రంగు, వెడల్పాటి తల. కూనగా ఉన్నప్పుడే తిండి గిన్నె దగ్గరికి తను వచ్చేవాడు కాదు, గిన్నే తన దగ్గరికి రావాలి. అందుకని అన్నయ్య ఆ పేరు పెట్టాడు. పొద్దున్నే వదినతో షెడ్డుకి వెళ్ళి, గొయ్యి అంచున ఆవిడ మొహానికి ఎదురుగా గడ్డం ఆనించి పడుకునేవాడు. కుట్టేటప్పుడు గుడ్డ జారకుండా అంచు మీద బరువు పెట్టాలి. ఆ బరువు దొర. "కాస్త ఇటు జరుగు" అంటే జరిగేవాడు. "వీడికి జీతం ఇవ్వాలమ్మా" అని డ్రైవర్లనేవాళ్ళు. "మా ఆయనకే ఇవ్వట్లేదు" అనేది వదిన. అన్నయ్య ఆ షెడ్డుకి గుడ్డా దారమూ కొనుక్కొచ్చే పని చేస్తాడు. ఆ మాటకి నవ్వి ఊరుకునేవాడు.

ఏటా వానలు వెనకపట్టాక పని తగ్గుతుంది. అప్పుడు వదిన తన పాత వ్యాను తీసి, దొరని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, కొండల్లో ఉన్న సరస్సు దగ్గరికి వెళ్ళి డేరా వేసుకుని ఉండి వచ్చేది. డేరా కూడా ఆవిడ కుట్టిందే. షెడ్డులో మిగిలిన మంచి కాన్వాసు ముక్కలు ఏరి, ఆకుపచ్చవీ నీలంవీ కలిపి, గోడలని నేలగుడ్డకి కలిపి కుట్టేసి, ఒకే ఒక్క తలుపు పెట్టి జిప్పు వేసింది. చీమ కూడా దూరలేదు. దొర డేరా అనేవాళ్ళం దాన్ని. అన్నయ్య ఎప్పుడూ వెళ్ళలేదు. "నేల మీద పడుకోవడానికి నాకేం ఇల్లు లేదా" అనేవాడు. ఆ విషయంలో నేను అన్నయ్య పార్టీ. నాకు మంచం కావాలి, ఫ్యాను కావాలి, బాత్రూముకి గడియ కావాలి.

కిందటేడు వెళ్ళినప్పుడు సరస్సు ఒడ్డునే దొర కాళ్ళు పడిపోయాయి. వదిన తడి డేరాని అలాగే ఊడబెరికి, చుట్ట చుట్టి వ్యానులో పడేసి, వాడిని ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి నడుపుకుంటూ వచ్చేసింది. ముసలితనం, మూత్రపిండాలు అన్నాడు పశువుల డాక్టరు. కొన్నాళ్ళు బతికాడు. వాడిని రోజూ వ్యానులో షెడ్డుకి తీసుకెళ్ళి, గొయ్యి అంచున గుడ్డ మీద పడుకోబెట్టేది. అక్కడే పోయాడు. నేను వెళ్ళేసరికి వదిన గొయ్యిలోనే ఉంది, మొహం వాడి మెడలో పెట్టి గట్టిగా ఏడుస్తోంది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. ఆ తరవాత ఇంట్లో నవ్వు మానేసింది. అది పంతం కాదు, నవ్వు రాలేదు.

ఆ వేసవిలో ఒక డ్రైవరు పట్టా మరమ్మతుకని పెద్ద మూట తెచ్చి షెడ్డులో దింపాడు. ఎవరో తాళ్ళు బిగించి కట్టిన మూట. వదిన తాళ్ళు కోసి విప్పుతుంటే మధ్య మడతలోంచి ఒక నల్ల కుక్క బయటపడింది. సగం ఊపిరి ఉంది. ఎక్కడో గోదాములో పట్టా పరిచి ఉంటే దాని మీద పడుకుని ఉంటుంది, పనివాళ్ళు చూడకుండా మడత పెట్టేశారు. "నాది కాదమ్మా, కుక్కని కూడా కుట్టమని నేనెందుకంటాను" అన్నాడు డ్రైవరు బిక్కమొహం వేసి. వదిన దాన్ని ఎత్తుకుని రెండు షట్టర్ల మధ్య గాలి తగిలే చోట పడుకోబెట్టి, నీళ్ళతో తడిపి, ఊపిరి కుదురుకునే దాకా పక్కనే కూర్చుంది. అన్నయ్య చూసి, "ఇదేం మూట తెచ్చావే" అన్నాడు. అదే దాని పేరైపోయింది.

మూట మంచిదే. తిండి మీద కూడా యావ లేదు, ఊరికే మొరగదు. ఒకటే చిక్కు. తలుపు మూసిన చోట ఉండదు. షెడ్డులో రెండు షట్టర్లకీ సరిగ్గా మధ్యలో పడుకుంటుంది. ఇంట్లో అయితే వీధి తలుపుకీ పెరటి తలుపుకీ మధ్య నడవలో, రెండూ తెరిచి ఉంటేనే. ఏ ఒక్కటి మూసినా లేచి బయటికి పోయి వానలోనైనా సరే కూర్చుంటుంది, తెరిచేదాకా లోపలికి రాదు. వీధి తలుపుకి గ్రిల్లు ఉంది కాబట్టి సరిపోయింది. పెరటి తలుపుకి లేదు. ఒకరోజు పిల్లి దూరి గిన్నెడు పాలు తాగేసింది. ఇంకోరోజు గాలికి తలుపు కొట్టుకుని అన్నయ్య గుండె ఆగినంత పనైంది.

"చూడు, తిండి పెడదాం, వైద్యం చేయిద్దాం, కాదనను. తలుపు బార్లా తీసి పెట్టుకుని నేను నిద్రపోలేను" అన్నాడు అన్నయ్య. "విత్తనాల కొట్టాయన తోటలో పాక ఉంది. నాలుగు వైపులా తెరిచే ఉంటుంది. ఆయన తీసుకుంటానంటున్నాడు."

"గొలుసు వేస్తాడు."

"కుక్కకి గొలుసు వేయక గాజులు వేస్తారా?"

వదినకి తిక్క రేగింది. "ఈసారి సరస్సుకి దీన్ని తీసుకెళ్తాను. దొర డేరాలో, తనంతట తను వచ్చి పడుకుంటుంది. మూసిన చోట ఎలా ఉండాలో నేను నేర్పుతాను. పడుకోలేదా, తిరుగుదారిలో నేనే తోటలో దింపేసి వస్తాను. మీరు మళ్ళీ నోరెత్తక్కర్లేదు."

"సరే" అన్నాడు అన్నయ్య వెంటనే. ఆయనా తక్కువ తినలేదు.

అనేశాక నేను ఆవిడ మొహం చూశాను. అనకూడని మాట అనేశానని తనకి అప్పుడే తెలిసిపోయింది. మూట వచ్చాకే ఆవిడ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది, అది నాకు తెలుసు, అన్నయ్యకీ తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోవడం ఆవిడ జాతకంలోనే లేదు. మర్నాడు పొద్దున నా గది ముందుకొచ్చి, "అమ్మాయ్, సెలవు పెట్టు, నువ్వూ వస్తున్నావు" అంది. సాక్షి కావాలట.

వ్యానులో ముందు సీటు ఖాళీగా పెట్టింది. అది కుక్క సీటు. నేను వెనక, స్టెపినీ టైరు పక్కన. ఆడపడుచుని ఎక్కడ పెట్టాలో కుక్కని ఎక్కడ పెట్టాలో తెలియదా అని అడిగాను. "తెలుసు కాబట్టే పెట్టాను" అంది. తీరా చూస్తే మూట ఆ సీటు ఎక్కలేదు. వాసన చూసి, వదిన మొహంలోకి చూసి, వెనక్కి వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడింది. రెండు వైపులా అద్దాలు దింపితేగానీ వగర్చడం ఆపలేదు. దారంతా దుమ్ము. పెట్రోలు బంకులో అద్దంలో చూసుకుంటే నా జుట్టు ముసలమ్మ జుట్టయింది. ఉడకబెట్టిన గుడ్లూ రొట్టే తిన్నాం. దానికి గుడ్డు ఇస్తే మర్యాదగా అందుకుని, బయటికెళ్ళి తిని వచ్చింది. కొండ మలుపుల్లో నేను స్టెపినీని వాటేసుకున్నాను. వదిన మాత్రం పళ్ళు బిగించి, పక్కన ఖాళీ సీటు వైపు ఒక్కసారి కూడా చూడకుండా నడిపింది. చూడకూడదని అంత గట్టిగా అనుకోవడం వల్లే, ఆవిడకి ఆ సీటు తప్ప ఇంకేమీ కనిపించడం లేదని నాకు అర్థమైంది.

సరస్సు దారికి ముందు ఒక అడ్డకర్ర, దాని పక్కన కాపలాదారు గది. ఆయన వ్యాను గుర్తుపట్టి నవ్వుకుంటూ వచ్చి, అలవాటుగా ముందు కిటికీలోకి వంగాడు. సీటు ఖాళీ.

"దొరేడమ్మా?"

"పోయాడు."

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తరవాత వెనక నా కాళ్ళ దగ్గరున్న మూటని చూసి, "మరి ఇదెవరు?" అన్నాడు.

"ఇంకా తెలీదు" అంది వదిన.

ఒడ్డున నీళ్ళకి కాస్త ఎడంగా చదునైన చోటు ఉంది. డేరా చుట్ట కిందికి దించి ప్లాస్టిక్ కవరు విప్పగానే గుప్పున వాసన కొట్టింది. బూజు వాసన, దానిలో కలిసిన కుక్క వాసన. కాన్వాసు నిండా నల్లటి బూజు చుక్కలు. నాకు నమ్మబుద్ధి కాలేదు. కిందటేడు సరస్సు దగ్గర తడిగా చుట్టిన డేరా, అలాగే ఏడాది పాటు ఉండిపోయింది.

"వదినా, దీన్ని ఆరేయలేదా నువ్వు?"

"లేదు."

"మరి మమ్మల్ని తువ్వాళ్ళకి తిట్టి చంపుతావు?"

"తెలిసే చేశాను. ఆ కర్ర అందుకో" అంది.

డేరా లేచింది. లోపలికి వెళ్ళి సామాను సర్దుతుంటే, "జిప్పు మూసెయ్" అంది. బయటికొచ్చి నీళ్ళ సీసా తీసుకుని మళ్ళీ వెళ్తే, "మూసెయ్, మూసెయ్, తెరిచి పెట్టకు." దోమలు కూడా లేవు. నాకు ఒళ్ళు మండింది. "కుక్క తనంతట తను లోపలికి రావాలంటావు, జిప్పు మూయమంటావు. అదేమైనా తాళంచెవి తెచ్చుకుందా?" అన్నాను. ఆవిడే వచ్చి జిప్పు చివరిదాకా లాగింది.

తెరిస్తే మాత్రం మూట వచ్చిందా? అదీ లేదు. సాయంత్రం వదిన తలుపు తెరిచి, తను లోపల కూర్చుని, గుడ్డు ముక్క చూపించి బతిమాలింది. మూట గడప దాకా వచ్చి, మెడ మాత్రం లోపల పెట్టి, అటు చివర గుడ్డ గోడ చూసి వెనక్కి తగ్గింది. డేరా చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చి చూసింది, మళ్ళీ వెనక్కి. వదిన గదమాయించింది, ముద్దు చేసింది, పట్టించుకోనట్టు నటించింది, పడుకున్నట్టు గురక కూడా పెట్టింది. ఆ గురకకి నాకు నవ్వాగలేదు. మూట మాత్రం బయట రాళ్ళ మధ్య ముడుచుకుంది. లోపల నేను ఆ బూజు వాసనకి తుమ్ముతూ పడుకున్నాను.

తెల్లారి నేను లేచేసరికి వదిన డేరా మూలకి తిరిగి కూర్చుని ఉంది. నేల గుడ్డా వెనక గోడా కలిసే చోట, దొర పడుకునే మూల అది. కాన్వాసుకి వాడి వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. ఆ మూలలో మొహం పెట్టి ఊపిరి పీలుస్తోంది. జిప్పు ఎందుకు మూయమందో, డేరా ఎందుకు ఆరేయలేదో, అప్పుడు తెలిసింది నా మట్టి బుర్రకి. దొర వాసన ఈ భూమి మీద ఇంకెక్కడా మిగల్లేదు. షెడ్డు కడిగేశారు, వాడి పరుపు అన్నయ్య పారేశాడు, వ్యాను సీటు ఎండకి ఎండిపోయింది. ఈ మూసిన గుడ్డలోనే మిగిలింది. లేచినట్టు తెలియనివ్వకుండా కళ్ళు మూసుకున్నాను. ఆ తరవాత నేను లోపలికీ బయటికీ వెళ్ళిన ప్రతిసారీ, ఆవిడ చెప్పకుండానే జిప్పు మూశాను.

ఆ రోజే మాకు మిగిలిన రోజు. మర్నాడు బయల్దేరకపోతే ల్యాబులో నా ఉద్యోగం ఊడుతుంది. వదిన పొద్దున్నుంచీ మూటతో ఒడ్డంతా నడిచింది. అది నీళ్ళలోకి దిగింది, ఈదింది, ఆవిడ విసిరిన కర్ర తెచ్చి ఇచ్చింది. దాన్ని అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు. వదిన పకపకా నవ్వడం విని అవతలి ఒడ్డున ఎవరో తల తిప్పి చూశారు. నాకు భయం పట్టుకుంది. ఇంతా చేసి రేపు దీన్ని తోటలో దింపేస్తుంది. దింపి, గొలుసు తన చేత్తోనే ఇచ్చి, ఇంటికొచ్చి మళ్ళీ నవ్వు మానేస్తుంది. ఆ పని ఆవిడ చేసి తీరుతుంది.

"పోనీ, పడుకుందని నేను అన్నయ్యకి చెప్తాలే. చూడొచ్చాడా?" అన్నాను.

"నేను చూస్తున్నాగా" అంది.

మధ్యాహ్నం అయ్యేసరికి కొండ మీంచి మబ్బు దిగింది. కాలం కాని వాన. పెద్ద పెద్ద చినుకులు. నేను లోపలికి దూరాను. మూట వానలోనే నిలబడి వణుకుతోంది. వదిన తలుపులోంచి పిలిచింది. రాలేదు. మళ్ళీ పిలిచింది. చివరికి తనే బయటికెళ్ళి దాని పక్కన తడి నేల మీద చతికిలబడింది. "రావే, నా తల్లివి కదూ, ఒక్కసారి" అంది. ఆవిడ బతిమాలడం నేను వినలేకపోయాను. మూట ఆవిడ చెయ్యి నాకి, లేచి, డేరా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ముందు తలుపు దగ్గర ఆగి చూస్తుంది. గోడ పక్కనే ముక్కు రాసుకుంటూ వెనక్కి పోతుంది. వెనక గోడ దగ్గర ఆగి, కాలితో గీకుతుంది. మళ్ళీ ముందుకు. మళ్ళీ వెనక్కి, మళ్ళీ అక్కడే గీకుడు.

వదిన అలాగే చూస్తూ కూర్చుంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. తరవాత మెల్లిగా, "షట్టరు వెతుక్కుంటోంది" అంది.

"ఏంటి?"

"వెనక షట్టరు. దానికి లోపల ఉండటం భయం కాదు అమ్మాయ్. వెనక దారి లేకపోతేనే భయం. నేను దానికి నేర్పడమేంటి నా మొహం. మూటలో పెట్టి కట్టేస్తే నేనైనా అంతే." లేచి నిలబడింది. "సంచీలోంచి కత్తెర ఇవ్వు."

ఆవిడ ఎక్కడికెళ్ళినా కాన్వాసు కోసే పెద్ద కత్తెర సంచీలో ఉంటుంది. చేతిలోకి తీసుకున్నాను గానీ ఇవ్వబుద్ధి కాలేదు. "వదినా, ఇది దొర డేరా" అన్నాను. దానికి మించి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. వెనక గోడ చీలిస్తే ఇటు నుంచి అటు గాలి పోతుంది. ఒక్కసారి పోయిందంటే లోపల ఉన్నదంతా పోతుంది. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

"తెలుసు. కుట్టింది నేనే" అంది. చెయ్యి చాపే ఉంచింది.

ఇచ్చాను.

వెనక్కి వెళ్ళి, గోడ మధ్యలో అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తరవాత కత్తెర మొన దించింది. పైనుంచి కిందికి, అడ్డంగా, మళ్ళీ పైకి, చివరికి పైన కూడా అడ్డంగా. గీత తిన్నగా పోయింది. నా ఎత్తు గుడ్డ ముక్క ఊడి ఆవిడ చేతుల్లోకి వచ్చింది. ఇటు వచ్చి ముందు జిప్పు కూడా పూర్తిగా తీసేసి తలుపు గుడ్డ పైకి చుట్టి కట్టేసింది. సరస్సు మీది గాలి జివ్వున ఒక వైపు నుంచి దూరి ఇంకో వైపు నుంచి వెళ్ళిపోయింది. దానితో జల్లు కూడా వచ్చి నా పక్కా నేనూ తడిసిపోయాం. బూజు వాసన పోయింది. రెండోది కూడా పోయింది. నాకు తడి మట్టి వాసన తప్ప ఇంకేమీ రావడం లేదు.

"చుక్క పడింది వదినా" అన్నాను. ఏదో ఒకటి అనకపోతే ఏడ్చేసేలా ఉన్నాను.

"పడనీ" అంది.

మూట ముందు తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూసింది. అటు చివర నీళ్ళు కనిపిస్తున్నాయి. నా పక్క తొక్కుకుంటూ ఇటు నుంచి అటు వెళ్ళిపోయింది. చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చి, మళ్ళీ అటు వెళ్ళింది. మూడోసారి మధ్యలో ఆగింది. ఒళ్ళు విదిలించి నా మీద మిగిలిన పొడి చోటు కూడా తడిపింది. ముందు తలుపు చూసింది, వెనక తలుపు చూసింది, పడుకుంది. కాసేపటికి దాని కాళ్ళు కలలో కదలడం మొదలైంది. వదిన బయట వానలో నిలబడి చూస్తోంది. ఏడుస్తోంది, దాచుకోలేదు. "వెళ్ళిపోయాడే, వెళ్ళిపోయాడు" అంటూ ఏడ్చింది. నేను వెళ్ళి పట్టుకున్నాను. లోపల కుక్క పడుకుని ఉంది, బయట మేమిద్దరం తడుస్తున్నాం.

తెల్లారేసరికి ఎండ వచ్చింది. సిగ్నలు దొరికేది కాపలాదారు గది దగ్గరే. అక్కడికెళ్ళి వదిన అన్నయ్యకి ఫోను చేసి, నేను వినాలని స్పీకరు పెట్టింది.

"పడుకుందా?" అన్నాడు అన్నయ్య.

"పడుకుంది. తనంతట తనే. మీ చెల్లెలే సాక్షి."

"నిజమేనా?" అన్నాడు నాతో. "జిప్పు మూసే?"

"డేరాకి ఇప్పుడు రెండు తలుపులు" అంది వదిన. "వెనక గోడ కోసేశాను."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది. డేరా ఏడాదిగా ఎందుకు మూసి ఉందో ఆయనకీ తెలిసే ఉంటుందని నాకప్పుడు అనిపించింది. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా దాన్ని ఆరేయమని అనలేదు మరి.

"దొర డేరానా?" అన్నాడు.

"అవును."

"సరే" అన్నాడు. "పాలు పై అలమరలో పెడతాను, పిల్లికి అందకుండా. పెరటి తలుపుకి గ్రిల్లు వేసేవాణ్ణి మీరొచ్చేలోపు పిలుస్తాను. జాగ్రత్తగా నడుపు."

కాపలాదారు వింటూనే ఉన్నాడు. అడ్డకర్ర మీద చేతులాన్చి, "అయితే ఇదెవరో తెలిసిందా అమ్మా?" అన్నాడు.

"మూట" అంది వదిన. "మా ఇంటిది."

ఒడ్డుకి తిరిగొచ్చి సామాను సర్దడం మొదలుపెట్టాం. డేరా మాత్రం ఆవిడ మడత పెట్టలేదు. చెట్లకి తాడు కట్టి, లోపలి వైపు బయటికి తిప్పి ఎండలో ఆరేసింది. బూజు చుక్కలు బ్రష్షుతో రుద్ది, వెంట్రుకలు దులిపింది. పొద్దున్నే బయల్దేరాలి, నా ఉద్యోగం అని గోల పెట్టాను. "ఆరాలి" అంది, అంతే. మూట తాడు కింద ఆ నీడలో ఇటూ అటూ తిరుగుతోంది.

ఆ సందట్లో నేనొక పని చేశాను. ముందు రోజు కోసిన గోడ ముక్క బండ మీద పడి ఉంది. దాని ఒక అంచు దొర ఆనుకుని పడుకునే మూల వైపుది, వాడి వెంట్రుకలున్నాయి. తడిదే. ఆవిడ చూడకుండా దాన్ని చిన్నగా మడత పెట్టి, పాత ప్లాస్టిక్ కవరులోనే చుట్టి, నా సంచీ అడుగున తోసి పైన నా బట్టలు పెట్టాను. ఎప్పుడైనా మనసాగకపోతే తీసుకుంటుంది, ఉండనీ అనుకున్నాను. ఆ ఒక్కటీ మిగిలితే ఎవరికేం నష్టం.

సంచీ వ్యానులోకి ఎత్తుతూ వదిన ఆగింది. గుడ్డ బరువు చేత్తోనే పసిగట్టే మనిషి. జిప్పు తీసి, నా బట్టలు పక్కకి నెట్టి, కవరు బయటికి లాగింది. విప్పింది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా తల నిమిరింది. ఆ తరవాత తడి తువ్వాలప్పటి మొహం పెట్టింది.

"గాలికి ఆరేయకుండా మడత పెడతారటే?" అంది.

ముక్కని రెండు చేతులా పట్టుకుని గట్టిగా దులిపి, తాడు మీద, డేరా పక్కనే, పరిచి ఆరేసింది. అది ఆరేదాకా మేం అక్కడి నుంచి కదల్లేదు.